గట్టి ప్లేయర్లతో ఆడి పూల్ ఆట పెంచుకోవడం ఎలా: హైదరాబాద్ పార్లర్లలో ఆడేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

"పెద్ద ప్లేయర్లతో ఆడుతూ ఉంటే ఆట దానంతటదే పెరుగుతుందా?" అని చాలామంది అడుగుతున్నారు. పెరగదు. నారాయణగూడ వైపు ఒక పార్లర్‌లో మా అందరికంటే బాగా ఆడే ఆయనతో నేను దాదాపు ఏడాది ఆడాను, వారానికి మూడు సాయంత్రాలు. టేబుల్ బిల్లు కట్టాను, ఓడాను, ఇంటికెళ్లాను. ఏడాది చివరికి పాటింగ్ (బంతిని పాకెట్‌లో వేయడం) కొద్దిగా మెరుగైంది, అంతే. క్యూ కర్రతో కొట్టే వైట్ బాల్ మాత్రం ఎప్పటిలాగే దానికి తోచిన చోట ఆగేది.

ఆ తర్వాత అదే మనిషితో వారానికి ఒక్కసారే ఆడుతూ, ఆటకు ముందూ వెనకా కొంత పని పెట్టుకున్నాను. ఆరు నెలల్లో ఆయన నాకిచ్చే స్పాట్ (గట్టివాడు ఎదుటివాడికి ముందే ఇచ్చే వెసులుబాటు) సగానికి తగ్గింది. ఆ పని ఏమిటో, ఏ వరుసలో చేయాలో ఇక్కడ రాస్తున్నాను. స్టాన్స్ (నిలబడే తీరు), బ్రిడ్జ్ (క్యూకి ఆనిక ఇచ్చే చెయ్యి), మామూలు పాటింగ్ వచ్చినవాళ్ల కోసం ఇది. అవి ఇంకా కుదరకపోతే ముందు వాటి మీద ఒకటి రెండు నెలలు పెట్టండి.

1. ముందు మీ ఆటను కొలుచుకోండి

ఎదుటివాడు ఎంత గట్టివాడో అందరికీ తెలుసు. మనం ఎక్కడున్నామో మాత్రం లెక్క ఉండదు. రెండు చిన్న పరీక్షలు చాలు, ఒక గంటలో అయిపోతాయి.

మొదటిది మూడు బంతుల పరీక్ష. మూడు బంతుల్ని టేబుల్ మీద దొర్లించి వదిలేయండి. వైట్‌ని మీకు నచ్చిన చోట పెట్టుకుని, నంబర్ల వరుసలో మూడూ వేయాలి. ఒక్కటి తప్పినా ఆ ప్రయత్నం పోయినట్టే. ఇలా పది సార్లు ఆడి, ఎన్నిసార్లు పూర్తయిందో రాసుకోండి. ఏడు దాటితే నాలుగు బంతులతో, తర్వాత ఐదుతో చేయండి. ఏ సంఖ్య దగ్గర పదిలో ఐదుకంటే తక్కువ వస్తుందో ప్రస్తుతానికి మీ హద్దు అది.

రెండోది స్టాప్ షాట్. ఒక బంతిని పాకెట్‌కి నేరుగా పెట్టి, వైట్‌ని రెండు డైమండ్ల (టేబుల్ అంచు మీది గుర్తులు) దూరంలో ఉంచి కొట్టండి. 9 అడుగుల టేబుల్ మీద ఒక డైమండ్ నుంచి ఇంకో డైమండ్‌కి 12.5 అంగుళాలు. బంతి పడాలి, వైట్ తగిలిన చోటే ఆగిపోవాలి. పదిలో ఎన్ని? ఆ తర్వాత మూడు డైమండ్లు, నాలుగు డైమండ్లు. దూరం పెరిగేకొద్దీ దారిలో క్లాత్ రాపిడికి వెనక్కి తిరిగే స్పిన్ అరిగిపోతుంది. అందుకే వైట్‌ని ఇంకా కింద కొట్టాలి, లేదా ఇంకొంచెం వేగంగా కొట్టాలి.

మూడు బంతుల పరీక్షలో పదికి మూడో నాలుగో వస్తున్నాయంటే మీ పార్లర్‌లో నంబర్ వన్‌తో ఇప్పుడే ఆడకండి. ఆయన వేసే పాఠం మీకింకా అందదు. మీకంటే ఒక మెట్టు పైన ఉన్నవాడిని వెతుక్కోండి.

2. సరైన ఎదుటి ప్లేయర్‌ని ఎంచుకోవడం

గట్టి ప్లేయర్లందరూ ఒకే రకం కాదు. మన ఊళ్లో చాలా పార్లర్లలో స్నూకర్ టేబుళ్లు పూల్ టేబుళ్లతో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఎక్కువగా కనిపించేది స్నూకర్ నుంచి వచ్చినవాళ్లు. 12 అడుగుల టేబుల్‌కి, 52.5 మిల్లీమీటర్ల బంతులకు అలవాటుపడ్డ చేతికి 57 మిల్లీమీటర్ల పూల్ బంతి, వెడల్పాటి పాకెట్ సులువుగా అనిపిస్తాయి. వీళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది నేరుగా కొట్టడం, కదలకుండా ఉండటం, సేఫ్టీ (ఎదుటివాడికి సులువైన షాట్ మిగలకుండా ఆడటం) ఓపిక.

రెండో రకం పూల్ మీదే పెరిగినవాళ్లు. బ్రేక్ (మొదటి దెబ్బతో బంతుల గుంపుని చెదరగొట్టడం), రెండు మూడు కుషన్లు (టేబుల్ అంచు రబ్బరు) తాకించి పొజిషన్ (తర్వాతి షాట్‌కి వైట్ కుదిరే చోటు) తెచ్చుకోవడం, అతుక్కున్న బంతుల్ని విడగొట్టడం వీళ్లకు బాగా తెలుసు. మూడో రకం పెద్దగా మెరవకుండానే మిమ్మల్ని ఊపిరాడనివ్వనివాళ్లు. ప్రతి షాట్ తర్వాత వైట్‌ని కుషన్‌కి అతికించి మీకు వదిలేస్తారు. వీళ్లతో ఆడటం నచ్చదు, కానీ సేఫ్టీ నేర్చుకోవాలంటే వీళ్లే.

పార్లర్ మార్కర్ని, అంటే టేబుళ్లు చూసుకునే మనిషిని మర్చిపోకండి. రోజుకు పది గంటలు ఆ టేబుళ్ల మధ్యే ఉంటాడు. ఏ టేబుల్ ఏ మూలకి వాలిందో, ఏ కుషన్ చచ్చుబడిందో, ఎవరి ఆట ఎలాంటిదో అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. నాకు పనికొచ్చిన మాటల్లో సగం మార్కర్లు చెప్పినవే.

ఐదు గేముల రేస్‌లో (ముందు ఐదు గెలిచినవాడిదే మ్యాచ్) రెండు గెలవగలిగే తేడా ఉంటే అది మంచి జోడీ. ఎప్పుడూ 5–0 అవుతుంటే స్పాట్ అడగాలి, లేదా ఎదుటి ప్లేయర్‌ని మార్చాలి.

వారం మొత్తం పెద్దవాళ్లతోనే ఆడకండి. నేను పాటించే లెక్క ఇది: ఒక రోజు గట్టి ప్లేయర్‌తో, ఒక రోజు సమానమైన వాడితో, రెండు రోజులు ఒంటరిగా. సమానమైన వాడితో ఎందుకంటే గెలవాల్సిన గేమ్‌ని ముగించడం అక్కడే అలవాటవుతుంది. ఎప్పుడూ ఓడేవాడికి చివరి బంతి మీద చెయ్యి వణుకుతుంది.

3. ఆడదామని అడిగే పద్ధతి

బాగా ఆడేవాడి సమయం ఊరికే దొరకదు, దాన్ని గౌరవించాలి. ఫ్రేమ్ మధ్యలో వెళ్లి అడగకండి. శుక్రవారం, శనివారం రాత్రుళ్లు వద్దు. అమీర్‌పేట అయినా, దిల్‌సుఖ్‌నగర్ అయినా, టోలీచౌకి అయినా, వారం మధ్యలో మధ్యాహ్నం పూట టేబుళ్లు ఖాళీగా ఉంటాయి, మనుషులూ తీరిగ్గా ఉంటారు.

ఏం కావాలో ముందే చెప్పండి: "అన్నా, నైన్ బాల్ రేస్ టు ఫైవ్ ఆడదామా? టేబుల్ బిల్లు నాది. అయ్యాక రెండు డౌట్లు అడుగుతా."

నేను మొదటిసారి ఇలా అడిగినప్పుడు వచ్చిన జవాబు: "ఆడుదాం తమ్మీ. గానీ నడిమిట్ల అడగొద్దు. ఆట అయినంక ఎన్నయినా అడుగు." ఆ షరతు ఎంత మంచిదో తర్వాత తెలిసింది. ఆట మధ్యలో సలహాలు తీసుకుంటే ఆలోచించే పని ఎదుటివాడిదైపోతుంది.

డబ్బులు పెట్టి ఆడకండి. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు. పందెం ఉన్నప్పుడు మనకు వచ్చిన షాట్లే కొడతాం, కొత్తది ప్రయత్నించం. నేర్చుకోవడం ఆగిపోతుంది, స్నేహాలూ చెడతాయి. ఓడినవాడు టేబుల్ బిల్లు కట్టే 'లూజర్ పే' పద్ధతి చాలాచోట్ల ఉంది. అది సరే, కానీ ఎంతసేపు ఆడతారో ముందు అనుకోండి, లేకపోతే నెలాఖరుకు భారమవుతుంది.

4. ఏ గేమ్, ఏ రూల్స్, ఎంత స్పాట్

పొజిషన్ నేర్చుకోవాలంటే నైన్ బాల్. ప్రతిసారీ టేబుల్ మీద మిగిలిన అతి చిన్న నంబర్ బంతినే ముందు తాకాలి కాబట్టి వైట్ ఎక్కడికెళ్లాలో తప్పించుకోలేరు. పథకం వేయడం, అతుక్కున్న బంతుల్ని ఎప్పుడు విడగొట్టాలో తెలుసుకోవడం ఎయిట్ బాల్‌లో (మీ ఏడు బంతులూ అయ్యాక నల్లటి 8 వేసే ఆట) వస్తుంది. మొదటి రెండు నెలలు నైన్ బాల్ ఆడమంటాను.

బ్రేక్ వంతులవారీగా ఉండాలి. గెలిచినవాడే బ్రేక్ చేసే పద్ధతిలో గట్టి ప్లేయర్ వరసగా నాలుగు ర్యాక్‌లు (గేమ్‌లు) లాగేస్తే మీకు క్యూ పట్టుకునే అవకాశమే రాదు.

స్పాట్ తీసుకోవడంలో చిన్నతనం లేదు. నైన్ బాల్‌లో 8 స్పాట్ అంటే 9 వేసినా, 8 వేసినా మీరు గెలిచినట్టు. ఇంకో పద్ధతి గేమ్‌లు ముందుగా ఇవ్వడం, అంటే ఐదుకి రెండుతో మొదలుపెట్టడం. నా అభిప్రాయంలో 8 స్పాటే మంచిది, ఎందుకంటే ప్రతి ర్యాక్‌లోనూ మీరు చివరిదాకా బతికే ఉంటారు. ఎంత తక్కువ స్పాట్‌తో పోటీ నిలబడుతుందో అంతే తీసుకోండి.

రూల్స్ ఒక్కో పార్లర్‌లో ఒక్కోలా ఉంటాయి. ఆడేముందు ఇవి ఒప్పుకోండి:

- ఫౌల్ అయితే వైట్ టేబుల్ మీద ఎక్కడైనా పెట్టొచ్చా, బ్రేక్ చేసే వైపు గీత వెనకేనా? కొన్నిచోట్ల రెండు షాట్లు ఇస్తారు.
- బంతి తగిలాక ఏదో ఒక బంతి కుషన్‌కి తగలాలి లేదా పాకెట్‌లో పడాలి అన్న నియమం ఉందా? అంతర్జాతీయ రూల్స్‌లో ఉంది. అది లేకపోతే సేఫ్టీ ఆటకు అర్థమే మారిపోతుంది.
- బ్రేక్ తర్వాత పుష్ అవుట్ (ఏ బంతినీ తాకకపోయినా ఫౌల్ కాకుండా వైట్‌ని ఒకసారి పక్కకి నెట్టుకునే వీలు) ఉందా?
- వరసగా మూడు ఫౌల్స్‌కి గేమ్ పోతుందా?
- ఎయిట్ బాల్ అయితే పాకెట్ చెప్పి కొట్టాలా?

5. మ్యాచ్ రోజు: ఇరవై నిమిషాలు ముందే వెళ్లండి

ఈ ఇరవై నిమిషాలు బంతులు వేయడానికి కాదు, టేబుల్‌ని చదవడానికి. తల కుషన్ (బ్రేక్ కొట్టే వైపు పొట్టి కుషన్) దగ్గర్నుంచి వైట్‌ని ఎదుటి కుషన్‌కి కొట్టి, తిరిగొచ్చి మీ కుషన్ పక్కన ఆగేలా చూడండి. ఐదారు సార్లు చేస్తే ఈ రోజు క్లాత్ వేగం చేతికి తెలుస్తుంది. జులై, ఆగస్టుల్లో వానలు పడుతున్నప్పుడు కిటికీలు తెరిచి ఉన్న హాల్‌లో క్లాత్ తేమ పట్టి బరువుగా ఉంటుంది. ఏసీ హాల్‌లో కొత్త క్లాత్ మీద అదే దెబ్బకు వైట్ ఇంకా రెండు డైమండ్లు పోతుంది.

తర్వాత పొడుగు కుషన్‌కి సమాంతరంగా ఒక బంతిని చాలా మెల్లగా దొర్లించండి. చివర్లో ఏ వైపు వాలుతుందో చూడండి. నాలుగు వైపులా చేయండి. వాలు ఉన్న చోట మెల్లటి షాట్ కొట్టకూడదని అప్పుడే తెలిసిపోతుంది.

పార్లర్ క్యూతో ఆడితే టిప్ (క్యూ కొన మీది తోలు) చూసుకోండి. టిప్ మెరుస్తూ గట్టిపడి ఉంటే చాక్ నిలవదు. అంచులు పక్కకి ఉబ్బి ఉంటే అది పక్కన పెట్టేయండి. టిప్ ఒంపు దాదాపు రూపాయి బిళ్ల అంచు ఒంపులా ఉంటే బాగుంటుంది. ఒకసారి కుదిరిన క్యూని గుర్తుపెట్టుకుని ప్రతిసారీ అదే అడగండి.

వెళ్లేముందు చూసుకోవాల్సినవి:

- జేబులో చిన్న నోట్‌బుక్, పెన్ను
- చేతులు కడుక్కుని తుడుచుకోవడం. ఏప్రిల్, మే చెమటకి గ్లవ్ ఉంటే పౌడర్ కంటే నయం, పౌడర్ క్లాత్ మీద పడుతుంది
- ఫోన్ సైలెంట్‌లో, బ్యాగ్‌లో
- ఈ రోజు చూడాల్సిన ఒకే ఒక్క విషయం, నోట్‌బుక్ పై వరుసలో రాసి ఉండాలి

ఆ ఒక్క విషయం ముఖ్యం. "ఈ రోజు ఆయన 7, 8, 9 మధ్య వైట్‌ని ఎలా తెస్తాడో చూస్తాను" అనుకుని వెళ్తే కళ్లకి పని ఉంటుంది. "బాగా ఆడాలి" అనుకుని వెళ్తే ఏ పనీ ఉండదు.

6. కుర్చీలో కూర్చున్నప్పుడు ఏం చూడాలి

గట్టి ప్లేయర్‌తో ఆడే గంటలో మీరు కుర్చీలో గడిపే సమయమే ఎక్కువ. ఆ సమయంలో ఫోన్ చూసుకునేవాళ్లని, పక్క టేబుల్ వాళ్లతో మాట్లాడేవాళ్లని రోజూ చూస్తుంటాను, బాధేస్తుంది. టేబుల్ బిల్లుకి దక్కే అసలు విలువ అక్కడే ఉంది.

మొదటి పని, పాకెట్‌లోకి వెళ్లే బంతిని చూడటం మానేయండి. అది పడుతుంది. వైట్‌ని చూడండి. ఆయన వంగకముందే, వైట్ ఎక్కడ ఆగుతుందో మీ మనసులో ఒక చోటు అనుకోండి. షాట్ అయ్యాక పోల్చండి. తేడా వచ్చిందా? ఎందుకు? మీరు పైనుంచి రావాలనుకున్న చోటికి ఆయన కుషన్ తాకించి కిందనుంచి ఎందుకొచ్చాడు? ఈ ఊహా, పోలికా ప్రతి షాట్‌కీ చేస్తే ఒక్క సాయంత్రంలో ఎన్నో జవాబులు దొరుకుతాయి.

మొదట్లో మీ ఊహ ఎక్కువసార్లు తప్పుతుంది. కొన్ని వారాల్లో సగం దాకా సరిపోతుంది. అప్పటికి మీ సొంత షాట్లలోనూ వైట్ దారి ముందే కనిపించడం మొదలవుతుంది.

రెండోది, వైట్ ఏ దిక్కునుంచి వస్తోందో గమనించండి. ఒక బంతిని పాకెట్‌లో వేయడానికి వైట్ ఆగదగ్గ చోటు గరాటు ఆకారంలో ఉంటుంది, బంతి దగ్గర సన్నగా, దూరం పోయేకొద్దీ వెడల్పుగా. ఆ గరాటు పొడవునా వైట్ ప్రయాణిస్తే ఒక అడుగు ఎక్కువైనా తక్కువైనా షాట్ మిగిలే ఉంటుంది. గరాటుని అడ్డంగా దాటేలా వస్తే అరడుగు తేడాకే షాట్ పోతుంది. మంచి ప్లేయర్లు సాధ్యమైనంతవరకు పొడవునా వస్తారు. మనం వాళ్లకు అదృష్టం అనుకునేదానిలో చాలా భాగం ఇదే.

మూడోది, వరుస. ఎయిట్ బాల్‌లో ఆయన బ్లాక్‌కి (నల్లటి 8) ముందు వేసే బంతి ఏదో ముందే పెట్టుకుంటాడు. అది సాధారణంగా బ్లాక్‌కి మెల్లగా పొజిషన్ దొరికే బంతి. దాన్ని చివరిదాకా ముట్టుకోడు. మీ ఆటలో ఆ బంతిని సులువుగా ఉందని మొదట్లోనే వేసేస్తున్నారేమో చూసుకోండి.

అతుక్కున్న జంట ఉంటే ఎప్పుడు విడగొట్టాడో చూడండి. దాదాపు ఎప్పుడూ తొందరగానే విడగొడతాడు, అదీ విడగొట్టాక వైట్ ఎటు పోయినా వేయడానికి ఇంకో బంతి సిద్ధంగా ఉన్నప్పుడే. మనం చివరికి ఆ జంట ఒక్కటే మిగిలేదాకా ఆగుతాం. అప్పుడు ఆదుకునే బంతి ఉండదు.

నాలుగోది, ఆయన దేన్ని కొట్టలేదో. మీరైతే తప్పకుండా ప్రయత్నించే ఒక పొడుగు కట్‌ని (దూరం నుంచి బంతిని పక్కగా తాకి వేసే షాట్) ఆయన చూసి, తల అడ్డంగా ఊపి, సేఫ్టీ ఆడితే, ఆ చోటు నోట్‌బుక్‌లో గీసుకోండి.

రాయడానికి ఎక్కువ సమయం పెట్టకండి. ర్యాక్ నంబర్, చిన్న బొమ్మ, రెండు మాటలు చాలు. మిగతాది మెట్రోలో ఇంటికెళ్తూ నింపుకోవచ్చు.

7. మీ వంతు వచ్చినప్పుడు

గట్టివాడి ముందు ఆడేటప్పుడు రెండు జబ్బులు వస్తాయి: తొందర, లేదా గొప్ప షాట్ కొట్టి చూపించాలన్న తపన. రెండింటికీ ఒకే మందు, ప్రతి షాట్‌కీ ఒకే వరుస.

1. నిలబడి ఉండగానే పాకెట్, వైట్ ఆగాల్సిన చోటు రెండూ నిర్ణయించుకోండి. ఆ చోటుని కంటితో చూపించగలగాలి. "అటువైపు ఎక్కడో" అంటే చాలదు.
2. చాక్ రాయండి. రాస్తున్నంతసేపూ వేగం గురించే ఆలోచించండి.
3. షాట్ గీత వెనక నుంచి నడిచి వచ్చి వంగండి, పక్కనుంచి కాదు.
4. మూడు నాలుగు సార్లు క్యూ ఆడించి, ఒక్క క్షణం ఆపి కొట్టండి.
5. బంతి పాకెట్‌లో పడేదాకా తల ఎత్తకండి.
6. వంగాక అనుమానం వస్తే లేచి నిలబడి, మొదటి అంకె నుంచి మొదలుపెట్టండి.

కొట్టాలా, సేఫ్టీ ఆడాలా అన్న నిర్ణయానికి నా లెక్క ఇది: ఈ షాట్‌ని ఒంటరి ప్రాక్టీస్‌లో పదికి ఏడు వేస్తానా? వేస్తే కొడతాను. నాలుగో ఐదో అయితే, తప్పినా వైట్ దూరంగా పోయే దారి ఉందేమో చూస్తాను. అదీ లేకపోతే సేఫ్టీ. మీకంటే బలహీనుడి మీద పదికి నాలుగు వచ్చే షాట్ కొట్టి తప్పినా మళ్లీ అవకాశం వస్తుంది. గట్టివాడి మీద తప్పితే ఆ ర్యాక్ పోయినట్టే.

సేఫ్టీలో కొత్తవాళ్లు రెండు బంతుల్నీ అదుపులో పెట్టాలని చూస్తారు. ఒక్కదాన్నే పెట్టండి. అడ్డుగా ఒక బంతి దగ్గర్లో ఉంటే, నిండుగా తగిలించి స్టాప్ షాట్ కొట్టండి. వైట్ అక్కడే ఆగుతుంది, అవతలి బంతి దూరపు కుషన్‌కి పోతుంది. అడ్డు బంతి లేకపోతే పల్చగా తగిలించి వైట్‌ని టేబుల్ అవతలి చివర కుషన్‌కి పంపండి. ఏ సేఫ్టీలోనైనా ఏదో ఒక బంతి కుషన్‌ని తాకాలని మర్చిపోకండి.

వైట్ దారి ఊహించడానికి రెండు గుర్తులు చాలు. స్పిన్ లేకుండా జారుతూ వెళ్లి తగిలితే, వైట్ అవతలి బంతి దారికి 90 డిగ్రీల్లో పోతుంది. మామూలుగా దొర్లుతూ వెళ్లి తగిలితే, అసలు వచ్చిన దారి నుంచి దాదాపు 30 డిగ్రీలు పక్కకి తిరుగుతుంది. పావు బంతి నుంచి ముప్పావు బంతి దాకా ఎంత తగిలినా ఈ 30 పెద్దగా మారదు. అరచెయ్యి చాచి చూపుడు వేలు, మధ్య వేలు విడదీసి పట్టుకుంటే సుమారు అంత కోణం వస్తుంది.

మీకు స్నూకర్ పెడితే (తాకాల్సిన బంతికి నేరుగా దారి లేకుండా అడ్డు పెడితే) ఒక కుషన్‌తో తప్పించుకోవడానికి అద్దం లెక్క వేయండి. తాకాల్సిన బంతి కుషన్‌కి ఎంత ఇవతల ఉందో, కుషన్ వెనక అంతే దూరంలో దాని నీడ ఉందనుకుని ఆ నీడకు గురిపెట్టండి. కొలత కుషన్ అంచు నుంచి వేయకండి, దానికి అర బంతి ఇవతల, వైట్ మధ్యభాగం నిజంగా తిరిగే గీత నుంచి వేయండి. సైడ్ లేకుండా, అంటే వైట్‌ని పక్కన కొట్టకుండా, మధ్యస్థ వేగంతో కొడితేనే ఇది పనిచేస్తుంది. గట్టిగా కొడితే కుషన్ లోపలికి నొక్కుకుని వైట్ అనుకున్నదానికంటే నిటారుగా తిరిగొస్తుంది.

8. వరసగా ఓడుతున్నప్పుడు

0–3 అయ్యాక స్కోరు చూడటం మానేసి, మీ నోట్‌బుక్ పై వరుస చదవండి. ఆ ఒక్క విషయం గమనిస్తున్నంతసేపు సాయంత్రం వృథా కాదు. ఎదుటివాడికి ఫ్లూక్ పడితే ఏమీ అనకండి. లేచి నీళ్లు తాగి రండి.

మ్యాచ్ మధ్యలో స్టాన్స్, గ్రిప్ మార్చకండి. అది ఒంటరి ప్రాక్టీస్ పని.

9. ఆట అయిన పది నిమిషాలు

చాలామంది క్యూ పెట్టేసి వెళ్లిపోతారు. ఈ పది నిమిషాలు లేకపోతే మిగతాదంతా సగమే.

"నా ఆట ఎలా ఉంది అన్నా?" అని అడిగితే "బాగానే ఉంది" అనే జవాబే వస్తుంది. బంతులు పెట్టి అడగండి: "మూడో ర్యాక్‌లో 6 ఇక్కడ, 7 అక్కడ. నేను స్క్రూతో (వైట్‌ని కింద కొట్టి వెనక్కి తిరిగేలా చేయడం) వెనక్కి లాగాను, వైట్ సైడ్ పాకెట్‌లో పడింది. మీరైతే?" అప్పుడు ఆయన మాట్లాడడు, క్యూ తీసుకుని కొట్టి చూపిస్తాడు. అదే మీకు కావాలి. మీరూ వెంటనే మూడుసార్లు కొట్టి చూడండి. రెండు ప్రశ్నలకు మించి అడగకండి. ఇంకా మాట్లాడాలనిపిస్తే కింద ఇరానీ చాయ్ దగ్గర మాట్లాడుకోవచ్చు, చాయ్ డబ్బులు మీరే ఇవ్వండి.

ఇంటికెళ్లేలోపు ఓడిన ప్రతి ర్యాక్ పక్కన ఒకే కారణం రాయండి:

- పాట్ తప్పింది
- పొజిషన్ తప్పింది
- తప్పుడు షాట్ ఎంచుకున్నాను
- సేఫ్టీ లేదా తప్పించుకోవడం కుదరలేదు
- బ్రేక్‌లోనే పోయింది

నిజాయితీగా రాయండి. "పాట్ తప్పింది" అని రాసేముందు ఒక షాట్ వెనక్కి వెళ్లి చూడండి. నేను పాట్ కింద రాసుకున్న చాలావాటిలో అసలు తప్పు ముందు షాట్‌లో ఉంది: వైట్ అడుగు ఎక్కువ పోయి, సులువైన బంతిని కష్టమైన కట్ చేసింది. అది తెలిశాకే నా ప్రాక్టీస్ దారి మారింది.

10. రెండు మ్యాచ్‌ల మధ్య ఒక్క మరమ్మతు

నాలుగు మ్యాచ్‌ల తర్వాత లెక్క చూస్తే ఒక కారణం మిగతావాటికంటే ఎక్కువగా కనిపిస్తుంది. వచ్చే మూడు నాలుగు వారాలు దాని మీదే పనిచేయండి.

పొజిషన్ అయితే: బంతికి వైట్‌ని ఒక డైమండ్ దూరంలో నేరుగా పెట్టి, బంతి వేస్తూ వైట్‌ని వెనక్కి ఒక డైమండ్, తర్వాత రెండు, తర్వాత మూడు లాగండి. అలాగే ముందుకు. అనుకున్న చోట రాసే కాగితం సగానికి మడిచి పెట్టి, వైట్ దాని మీద ఆగేలా చూడండి. ఒక్కో దూరానికి పదికి ఆరు వచ్చాకే తర్వాతదానికి వెళ్లండి.

స్క్రూ నాకు అసలు వచ్చేది కాదు. గట్టిగా కొడితే వస్తుందనుకుని భుజం నొప్పి తెచ్చుకున్నాను. వెనక చెయ్యి వదులుగా పట్టి, క్యూని వీలైనంత నేలబారుగా ఉంచి, వైట్ దాటాక క్యూ ఇంకో జానెడు ముందుకు వెళ్లేలా చేస్తే సగం బలంతోనే వచ్చింది. ఆరు వారాలు పట్టింది.

పాట్ అయితే: మీ పుస్తకంలో తప్పిన షాట్లనే మళ్లీ పెట్టి ఒక్కోటి ఇరవై సార్లు. అవే కట్లు, అవే దూరాలు.

సేఫ్టీ అయితే: ఒక బంతిని పొడుగు కుషన్ దగ్గర పెట్టి, పల్చగా తాకించి వైట్‌ని మళ్లీ తల కుషన్‌కి అరడుగులో ఆపడం. తర్వాత దాన్నే నిండుగా, స్టాప్‌తో.

బ్రేక్ అయితే: బలం మూడింట ఒక వంతు తగ్గించండి. ముందు బంతికి నిండుగా తగిలి వైట్ టేబుల్ మధ్యలో ఆగాలి. వైట్ పక్కలకు ఎగిరిపోతోందంటే మీరు ముందు బంతిని సరిగ్గా మధ్యలో తాకడం లేదు.

నిర్ణయం తప్పు అయితే దానికి డ్రిల్ లేదు. మూడు బంతుల పరీక్ష ఆడుతూ, ప్రతి షాట్‌కీ ముందు తర్వాతి రెండు బంతుల దారిని పైకి చెప్పండి. పక్కవాళ్లు చూసినా ఫర్వాలేదు.

గంట ఉంటే ఇలా పంచుకోండి: పది నిమిషాలు స్టాప్ షాట్లు, ముప్పై ఐదు నిమిషాలు ఆ వారం మరమ్మతు, మిగిలిన పదిహేను మూడు లేక నాలుగు బంతుల పరీక్ష.

11. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దుకునే దారి

పెద్ద ప్లేయర్ సైడ్ స్పిన్‌ని అనుకరించడం. ఇదే అన్నిటికంటే ఎక్కువ చూస్తాను. వైట్‌ని పక్కన కొడితే అది గురిపెట్టిన గీత నుంచి కొంచెం అవతలికి తోసుకుపోతుంది, మెల్లగా కొడితే దారిలో వంపు తిరుగుతుంది, తగిలిన బంతిని కూడా కొద్దిగా పక్కకి నెడుతుంది. ఆయన ఈ మూడింటినీ ఏళ్ల తరబడి అలవాటుతో లెక్కగడతాడు. మొదటి మూడు నెలలు వైట్ నిలువు మధ్యగీత మీదే, పైనా కిందా మాత్రమే కొట్టండి. ఎన్ని పొజిషన్లు సైడ్ లేకుండానే దొరుకుతాయో మీకే ఆశ్చర్యమేస్తుంది.

ఓడిన ప్రతిసారీ క్యూ మార్చడం. మూడు నెలలు ఒకే క్యూ.

ఒకే ఒక్క ప్లేయర్‌తో ఆడటం. ఆయన వదిలేసే షాట్లకే మీరు అలవాటుపడతారు. నెలకొకసారి వేరే పార్లర్‌కి వెళ్లండి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడేవాళ్లు సైనిక్‌పురిలో ఒక మధ్యాహ్నం గడపండి. టేబుల్ కొత్తది, మనుషులు కొత్త.

టేబుల్ మీద, క్యూ మీద నెపం పెట్టడం. వాలు ఉంటే అది ఇద్దరికీ ఉంది. ముందే వెళ్లి చూసుకుని ఉంటే మీకే లాభం.

ఎదుటివాడు ఆడేటప్పుడు గురి గీతలో నిలబడటం, చాక్ టకటకలాడించడం. ఇలాంటి చిన్న మర్యాదలు తప్పితే గట్టివాళ్లు రెండోసారి మీతో ఆడరు. కారణం కూడా చెప్పరు.

12. స్పాట్ ఎప్పుడు తగ్గించమనాలి

పది రేస్‌ల ఫలితం చూడండి. నాలుగు గెలిచారంటే మీరే వెళ్లి "అన్నా, ఇక 8 స్పాట్ వద్దు, ఒక గేమ్ ముందు ఇవ్వండి చాలు" అనండి. ఆయన చెప్పేదాకా ఆగకండి. ఒకటి రెండే గెలిచి ఉంటే స్పాట్ అలాగే ఉంచి, మరమ్మతు మార్చండి.

మూడు నెలలకొకసారి మొదటి భాగంలోని రెండు పరీక్షలూ మళ్లీ పెట్టుకోండి, వీలైతే అదే టేబుల్ మీద. మూడు బంతుల నుంచి నాలుగుకి, నాలుగు నుంచి ఐదుకి వెళ్లారా అన్నదే చూడాల్సింది. వెళ్లి ఉంటే, మీ పార్లర్‌లో ఇంకా అడగడానికి జంకుతున్న ఆ పై మెట్టు ప్లేయర్ దగ్గరికి ఈసారి మంగళవారమో బుధవారమో మధ్యాహ్నం వెళ్లి, రేస్ టు ఫైవ్ అడగండి.